ఒచోవా ర్యాంకు, మా వాడి బెంచి

మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఏ ఫుట్‌బాల్ ఆటగాడికి ఎంతమంది అభిమానులున్నారో, పాపులారిటీ ర్యాంకుల్లో ఈ వారం ఎవరి పేరు పైకెక్కిందో వాడికి నోటికొచ్చు. వీక్లీ టెస్టు ర్యాంకు మాత్రం రెండుసార్లు అడిగితే గానీ చెప్పడు.

స్కూల్ టీములో వాడు రెండో గోల్‌కీపర్. ఈ ఏడాది ఒక్క మ్యాచ్‌లోనూ దిగలేదు. "వచ్చే ఏడాది పదో తరగతి. బెంచి మీద కూర్చోవడానికి రోజూ గంటన్నర ఎందుకు?" అని మావారు అడిగారు. తీసిపారేయాల్సిన ప్రశ్న కాదది.

వాడి అభిమాన ఆటగాడు మెక్సికో గోల్‌కీపర్ గియెర్మో ఒచోవా. అక్కడ అందరూ మెమో అంటారు. వాడితోపాటు నేనూ ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

2014 జూన్ 17న వరల్డ్ కప్‌లో మెక్సికో, ఆతిథ్య దేశం బ్రెజిల్‌తో ఆడింది. నేమార్ తలతో కొట్టిన బంతిని ఒచోవా గోల్ గీత దగ్గర ఆపేశాడు. మ్యాచ్ 0-0. ఆ రాత్రితో ఆయన పేరు ప్రపంచమంతా మార్మోగింది. 2022లో ఖతార్‌లో పోలెండ్ కెప్టెన్ లెవాండోస్కీ పెనాల్టీని ఆపినప్పుడు మళ్లీ అంతే. అప్పటికి ఆయనకు 37 ఏళ్లు.

ర్యాంకులో కనిపించని సంగతి వేరే ఉంది. 2006, 2010 వరల్డ్ కప్‌లకూ ఒచోవా వెళ్లాడు. రెండింట్లోనూ ఒక్క నిమిషం ఆడలేదు. 2010లో కోచ్ ఆయన్ను కాదని 37 ఏళ్ల ఆస్కార్ పెరెస్‌ను దించాడు. 2014లో ఒచోవా ఆడిన ఫ్రాన్స్ క్లబ్ అజాక్సియో లీగ్‌లో అట్టడుగున నిలిచింది. ఆ స్థానం ఒక్కటే చూసి ఉంటే బ్రెజిల్ మీద ఆయన్ను దించేవారా?

జనం ఈ వేళ ఎవరిని చూస్తున్నారో పాపులారిటీ ర్యాంకు చెబుతుంది. ఆ రోజు పేపర్లో ఎవరు ముందున్నారో టెస్టు ర్యాంకు చెబుతుంది. రెండూ అబద్ధాలు కావు. ఎవరూ చూడని రోజుల్లో ఏం నేర్చుకున్నారన్నది మాత్రం రెండింట్లోనూ దొరకదు.

అందుకే పీఈటీ సార్‌ను కలిశాం. "ఏ బంతికి ఎటు కదలాలో మీ వాడికి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఓడిన రోజు టీమును నవ్వించేదీ వాడే" అన్నారు. రెండో మాట మాకు కొత్త.

బెంచి మీద కూర్చున్న ప్రతివాడూ ఒచోవా కాడు. వచ్చే ఏడాదీ మా వాడికి చోటు దొరక్కపోవచ్చు. అయినా మానిపించలేదు. ప్రాక్టీసు వారానికి మూడు రోజులు, పరీక్షల ముందు వారం సెలవు. నాలుగు రోజులు కావాలని బేరమాడి, చివరికి ఒప్పుకున్నాడు.

ఈసారి పేరెంట్స్ మీటింగులో లెక్కల టీచర్‌తో మాట్లాడాక పీఈటీ సార్‌ను కూడా కలవండి. ఆయన దగ్గర క్యూ ఉండదు.