టాపెట్లు కాదన్నా!

పొద్దున్నే మా లారీ స్టార్ట్ చేస్తే ఇంజన్లోంచి టిక్‌టిక్‌మని ఒక శబ్దం వచ్చేది. వేడెక్కాక తగ్గిపోయేది. "టాపెట్లురా, సెట్ చేయించాలి" అనేవాడు నాన్న. రెండుసార్లు చేయించాడు కూడా. ఏం లాభం, మళ్లీ మామూలే.

నేను బీటెక్ మెకానికల్. ఈ మాట మా ఇంట్లో వెటకారానికే ఎక్కువ వాడతారు. వాళ్ల తప్పేం లేదు, క్యాబిన్ ఎత్తి ఒకసారి చూద్దామని నాకూ తోచలేదు.

అసలు సంగతి తలనొప్పి వల్ల బయటపడింది. గుంటూరు మిర్చి యార్డు నుంచి చెన్నైకి లోడు దించి వచ్చిన ప్రతిసారీ నాన్న కణతలు నొక్కుకుంటూ పడుకునేవాడు. వయసు మీద పడిందనుకుని కళ్లద్దాలు మార్పించాం. ఒకసారి క్లీనర్ రాకపోతే నేను బండెక్కాను. నెల్లూరు దాటేసరికి నాకూ అదే తలనొప్పి. నాకు 23 ఏళ్లు, నాన్నకి 54. ఇద్దరికీ ఒకేసారి వయసు మీద పడదు కదా! గేర్ రాడ్ దగ్గర రబ్బరు చిరిగి ఉంది. అక్కణ్నుంచి పొగ వాసన. నాన్నకి ఆ వాసన ఎప్పుడో అలవాటైపోయింది.

తిరిగొచ్చాక బండిని విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లాం. క్యాబిన్ ఎత్తగానే మేస్త్రి బాబాయ్ పట్టుమని నిమిషం కూడా చూడలేదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చివర, ఆరో సిలిండర్ దగ్గర నల్లగా మసి చార. "టాపెట్లు కాదన్నా, లీకు" అన్నాడు. మానిఫోల్డ్ పగిలింది, ఒక స్టడ్ విరిగింది. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి శబ్దం వస్తుంది, వేడికి ఇనుము సాగి సందు మూసుకుంటే తగ్గుతుంది. టర్బోని తిప్పాల్సిన పొగ దారిలోనే బయటికి పోతుంటే ఇక పికప్ ఎక్కడిది? డీజిల్ ఎక్కువ తాగడం, ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ, అన్నిటికీ మూలం అదే.

"వెల్డింగ్ పెట్టించెయ్. 5వ తారీఖు కిస్తీ ఉంది" అన్నాడు నాన్న. బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. పోత ఇనుముకి వెల్డింగ్ పెట్టాలంటే ముందు బాగా కాల్చాలి, తర్వాత నెమ్మదిగా చల్లార్చాలి. లేకపోతే అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. కంపెనీ ముక్క ధర వినగానే నాన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. మిగిలింది బయటి సరుకు. మూడు ముక్కలుగా ఉండి, ఒకదాంట్లోకి ఒకటి జారే రకం.

"ముక్కలుగా ఉంటే ఊడిపోదూ?" అని నాన్న అనుమానం. నేను బిల్లు వెనక లెక్క వేసి చూపించాను. 75 సెంటీమీటర్ల పోత ఇనుము 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. దాన్ని పట్టుకున్న హెడ్ అంత వేడెక్కదు, అంత సాగదు.

"నాలుగు మిల్లీమీటర్లకేనా?"

"ఆ నాలుగుకి చోటు లేకే స్టడ్ విరిగింది నాన్నా."

నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బీటెక్ మాట ఎత్తలేదు.

కొత్తది కొనడం తేలికే. విరిగిన స్టడ్ తీయడమే నరకం. హెడ్ లోపలికి విరిగింది. డ్రిల్ పక్కకి పోయిందంటే హెడ్ దించాల్సిందే, బండి వారం షెడ్డులోనే. రాత్రంతా ఆయిల్లో నాననిచ్చారు. పొద్దున బాబాయ్ ఆ మొండి మీద ఒక నట్టు వెల్డింగ్ చేసి, కాస్త చల్లారనిచ్చి, స్పానర్ వేశాడు. ముందుకీ వెనక్కీ, వెంట్రుకవాసి చొప్పున. ఎవరం మాట్లాడలేదు. కీచుమంటూ కదిలింది. నాన్న అప్పుడు ఊపిరి వదిలాడు.

బిగించే ముందు కొత్త ముక్కల మీద స్టీలు స్కేలు ఆనించి, ఫీలర్ గేజ్‌తో సందు చూశాను. ఒకచోట 0.2 మిల్లీమీటర్ల గేజ్ దూరిపోయింది. కొత్తదాన్ని గ్రైండింగ్‌కి పంపడమేంటని షాపతను నవ్వాడు. మేం పంపాం. తర్వాత కొత్త గ్యాస్కెట్లు, కొత్త స్టడ్లు. మధ్యలో మొదలుపెట్టి చివరలకి, మూడు విడతలుగా బిగింపు. బాబాయ్ బీరువాలోంచి గుడ్డలో చుట్టిన టార్క్ రెంచ్ తీశాడు. పిల్లలెవర్నీ ముట్టుకోనివ్వడట! గేర్ రాడ్ దగ్గరి రబ్బరు కూడా మార్చేశాం.

స్టార్ట్ చేస్తే టిక్‌టిక్ లేదు. నాన్న చెవి పెట్టి విని, "టర్బో ఈల వినపడుతోందిరా" అన్నాడు.

కిస్తీ నాలుగు రోజులు లేటైంది, పెనాల్టీ కట్టాం. ఆ తర్వాతి ట్రిప్పులో నెల్లూరు దగ్గర దాబా నుంచి ఫోన్ చేశాడు. తల ఎలా ఉందని అడిగితే, "తలకేమైందిరా, బాగానే ఉంది" అని విసుక్కున్నాడు. చెన్నై నుంచి వచ్చాక ఇంటికి రాకుండా బండిని నేరుగా ఆటోనగర్‌కే పోనిచ్చాడు. ఒక ట్రిప్పు తిరిగాక స్టడ్లు మళ్లీ బిగించాలని బాబాయ్ చెప్పాడు కదా, అందుకు.