పరువు తక్కువ చేప

జోర్డనెల్ డ్యామ్ దిగువన ప్రోవో నది గడ్డకట్టదు. చుట్టూ హీబర్ లోయంతా మోకాల్లోతు మంచు. కంచె తీగల మీదా మంచే, గుర్రాల మూతుల మీదా మంచే. నది మాత్రం నల్లగా, సన్నటి ఆవిరి లేపుకుంటూ తన దారిన పోతోంది. ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో, లాకులూ తూముల మధ్య గడిపినవాణ్ణి కనక నా బుద్ధి ముందు అక్కడికే పోయింది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. ఆ బరువు నీరు జలాశయం అడుక్కి దిగి కూర్చుంటే పైన మంచు మూత పడుతుంది. చలికాలంలో లోతు నుంచి వదిలే నీళ్లు అవే. బయట గాలి సున్నాకి పదిహేను డిగ్రీలు కింద ఉన్నా ఏట్లో చేప బతుక్కి ఢోకా లేదు. కాకపోతే ఒళ్లు బద్ధకిస్తుంది. తిండి నోటి దగ్గరికి వస్తే తింటుంది, జానెడు దూరంలో పోతుంటే పోనిస్తుంది.

అమెరికాలో, యూటా రాష్ట్రంలోని లీహైలో మా తమ్ముడి కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చలికాలం వచ్చిందంటే వాడికి శనివారం స్నోబోర్డు, ఆదివారం ఒళ్లునొప్పులు. "పెదనాన్నా, మీకు గాలం పిచ్చి కదా. ఒకరోజు ఏట్లో నిలబడండి, ఇంకోరోజు నాతో కొండెక్కండి" అన్నాడు. ఏట్లో నిలబడ్డం మాటవరసకి అన్నాడనుకున్నాను. నిజంగానే నిలబెట్టారు.

నిలబెట్టింది ఒక గైడమ్మ. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు బడిపంతులమ్మ. ఆవిడ కారు డిక్కీలో ఓ పక్క ఫ్లై ఫిషింగ్ కర్రలు, ఇంకో పక్క అంచులు అరిగిన స్నోబోర్డు. నవంబరు నుంచి మార్చి దాకా ఆవిడకి రెండే పనులట: ఎండ ఉన్నంతసేపూ నది, దీపాలు పెట్టాక బ్రైటన్ కొండ. అక్కడ రాత్రిపూట కూడా లైట్లు వేసి జారనిస్తారు. "మరి ఇంటిపని?" అన్నాను అలవాటు కొద్దీ. "ఏప్రిల్లో చేస్తాను" అంది.

ఛాతీ దాకా వచ్చే నీరు చొరని వేడర్లు, లోపల ఉన్ని మేజోళ్లు తొడిగించి, నా బూట్ల అడుగు తిప్పి చూసింది. ఫెల్ట్ అడుగైతే తడి మీద మంచు ముద్దలుగా అంటుకుని మనిషి నాలుగంగుళాలు ఎత్తు పెరిగి బోర్లాపడతాడట. రబ్బరు అడుగు, దానికి ఇనుప మేకులు. సరే అని చెయ్యి పట్టుకుని దింపింది. ఒడ్డుకి దగ్గర్లో, లోతు తక్కువైన చోట, మిగతా అడుగంతా పాచిపట్టి ముదురుగా ఉంటే ఒకచోట మాత్రం గులకరాళ్లు కడిగి ఆరబోసినట్టు తెల్లగా కనపడ్డాయి. "అక్కడ కాలు పెట్టొద్దు" అంది గట్టిగా, క్లాసులో పిల్లవాణ్ణి ఆపినట్టు. అది బ్రౌన్ ట్రౌట్ గూడు. ఆడచేప తోకతో రాళ్లు దులిపి శరత్కాలంలో గుడ్లు పెడుతుంది. అవి చలికాలమంతా రాళ్ల సందుల్లోనే ఉంటాయి. మన హిమాచల్‌లో ఈ కారణంగానే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ వేటే నిషేధం. ఇక్కడ నది ఏడాదంతా తెరిచే ఉంటుంది. గుడ్ల మీద అడుగు పడకుండా చూసుకోవడం వేటగాడి బుద్ధికి వదిలేశారు. అంత నమ్మకం నాకైతే లేదు.

ఇక ఎర. ఈ భాగంలో బతికున్న ఎర వెయ్యడానికి వీల్లేదు, కృత్రిమమైనదే వెయ్యాలి. చిన్న డబ్బా తెరిచి చూపించింది. జీబ్రా మిడ్జ్ అట. బియ్యపు గింజంత కూడా లేని కొక్కేనికి నల్లదారం చుట్టి, దాని మీద వెండి రంగు తీగతో చారలు పెట్టి, తలకాయకి ఒక పూస. దాన్ని 0.13 మిల్లీమీటర్ల దారానికి కట్టాలి. నా వేళ్లు అప్పటికే నావి కాకుండా పోయాయి. ఆవిడే కట్టింది, పళ్లతో బిగించి. ఇంత చిన్నది చేపకేం ఆనుతుంది అంటే, ఒడ్డున మంచు మీదికి వంగి చూడమంది. తెల్లటి మంచు మీద నల్లటి చుక్కలు నడుస్తున్నాయి. దోమలాంటి పురుగులే, కుట్టవు. చలికాలం మధ్యాహ్నాల్లో నీళ్లలోంచి పుట్టి పైకొస్తాయి. మిగతా పురుగులు చాలామట్టుకు కనపడని కాలంలో చేపకి ముఖ్యమైన కూడు ఇదే. అందుకే తెల్లారగట్ల లేవాల్సిన పని లేదు, పదకొండు నుంచి మూడు దాకా చాలు. నాకు నచ్చిన మొదటి నియమం అది.

మన గాలానికి బరువు సీసపు గుండులో ఉంటుంది. ఇక్కడ బరువంతా లైనులోనే. దాన్ని వెనక్కి, ముందుకి ఊపి విసిరితే ఎర దాని వెంట పోతుంది. పైన ఒక బెండు. ఎర నీటి వేగంతోనే పోవాలి. లైను లాగిందో, చేప మొహం తిప్పుకుంటుంది. కాసేపటికి కర్ర వలయాల్లో మంచు గడ్డకట్టి లైను జారదు. కర్ర కొస నీళ్లలో ముంచి కరిగించుకుని మళ్లీ మొదలు. ఈలోగా పిడికెడు బూడిదరంగు పిట్ట ఒకటి ఎదుటి రాయి మీద వాలి, గుంజీలు తీసినట్టు లేచి కూర్చుని, బుడుంగున ఏట్లో మునిగింది. పోయిందే అనుకున్నాను. ఎదురు ప్రవాహంలో, నీటి అడుగున తిరిగి, మూతిలో పురుగుతో అవతల తేలింది. డిప్పర్ అంటారట. నా చేప సంగతి మరిచిపోయి దాన్నే చూస్తుంటే "బెండు ఆగింది!" అని అరిచింది గైడమ్మ.

మునగలేదు, ఆగిందంతే. కర్ర ఎత్తేసరికి అవతల బరువు. మూరెడు లేదు గానీ, పసుప్పచ్చటి ఒంటి మీద నల్లచుక్కలూ, వాటి మధ్య ఎర్రచుక్కలూ, ఒక్కో ఎర్రచుక్క చుట్టూ పాలిపోయిన వలయం. బ్రౌన్ ట్రౌట్. పైకెత్తబోతే చెయ్యి పట్టుకుంది. ఈ చలిలో నీళ్లలోంచి తీస్తే మొప్పలు గడ్డకడతాయట. వల నీళ్లలోనే ఉంచి, కొక్కెం తప్పించి, చేతులు వదిలింది. చేప తొందరేం పడలేదు. నా బూటు పక్కన కాసేపు ఆగి, వెళ్లిపోయింది.

కాలవ గట్టున పుట్టినవాడికి ఇది మింగుడుపడే సంగతి కాదు. తిననప్పుడు దాని నోట్లో ముల్లెందుకు గుచ్చడం? అడిగేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. "సబబైన ప్రశ్నే. నా దగ్గర గొప్ప జవాబేం లేదు. ఈ పిచ్చి ఉన్నవాళ్లు లేకపోతే ఈ నదిని ఎవరూ పట్టించుకునేవారు కాదు" అంది. తర్వాత తెలిసింది, అది ఉత్తమాట కాదని. పోయిన శతాబ్దంలో ఇంజినీర్లు వరదల కోసం, సాగు కోసం ఈ నదికి కరకట్టలు కట్టి తిన్నటి కాలవ చేసేశారు. మలుపులూ మడుగులూ పోయి చేపకి నిలవనీడ లేకపోయింది. 1999లో మొదలుపెట్టి 2008 దాకా, మళ్లీ ఇంజినీర్లే, కట్టలు వెనక్కి జరిపి నదికి వంకరలు తవ్వి ఇచ్చారు. నది వంకర తీర్చడానికి అంచనాలు నేనూ వేశాను. వంకర పెట్టడానికి అంచనా ఎలా వేస్తారో ఆ కాగితాలు ఒక్కసారి చూడాలని ఉంది.

ఆ మధ్యాహ్నం తర్వాత నా గాలానికి పడ్డవన్నీ ఇంకో రకం. వెండి రంగు, చిన్న నోరు, పెద్ద పొలుసు, మన బొచ్చెకి దూరపు చుట్టంలా ఉంది. వైట్‌ఫిష్. అవతలి ఒడ్డున ఉన్నాయన తనకి అదే పడితే విసుగ్గా తల తిప్పుకున్నాడు. ఫ్లై ఫిషింగ్ వాళ్లలో చాలామందికి దీనంటే చిన్నచూపు. విచిత్రమేమిటంటే ఈ కొండల్లో తరతరాల నుంచీ ఉన్న చేప ఇది. అందరూ నెత్తిన పెట్టుకునే బ్రౌన్ ట్రౌట్ ఉందే, అది వలస వచ్చింది. 1883లో జర్మనీ నుంచి వాన్ బెర్ అనే ఆయన గుడ్లు పంపితే న్యూయార్క్‌లో ఫ్రెడ్ మాథర్ పొదిగించాడు. మరుసటేడు మిషిగన్‌లో ఒక ఏట్లో పిల్లల్ని వదిలారు. అక్కణ్ణుంచి దేశమంతా పాకింది. రెయిన్‌బో ట్రౌట్‌ది పసిఫిక్ తీరం. వచ్చినవాడు దొర, ఉన్నవాడు పరువు తక్కువ.

"దీన్ని ఇంటికి తీసుకెళ్లొచ్చా?" అన్నాను. "నిక్షేపంగా. నేనైతే పొగబెట్టి తింటాను" అంది. ప్రాణం లేచొచ్చింది. రెండు ఉంచుకున్నాం.

తిరుగుదారిలో జలాశయం పక్కన కారు ఆపింది. 1993లో పూర్తయిన డ్యామ్ అది. పైన మంచు మూత, దాని కింద కీట్లీ అనే ఊరు. 1942లో పడమటి తీరంలోని జపనీస్ సంతతి వాళ్లని ప్రభుత్వం నిర్బంధ శిబిరాలకి తరలించబోతుంటే, ఓక్లండ్‌లో కూరగాయల వ్యాపారం చేసే ఫ్రెడ్ వాడా ముందే మేలుకుని, ఇక్కడ భూమి కౌలుకి తీసుకుని, సుమారు 130 మందిని వెంటబెట్టుకొచ్చాడు. వచ్చేసరికి అదంతా రాళ్లూ, తుప్పలూ, మంచూ. రాళ్లేరి కూరగాయలు పండించారు. టోక్యోకి 1964 ఒలింపిక్స్ రావడానికి కాళ్లరిగేలా తిరిగినవాళ్లలో ఈ వాడా ఒకడు. ఆ పొలాలిప్పుడు నీళ్లలో ఉన్నాయి. శ్రీశైలం ముంపులో మనవాళ్లు కొన్ని గుళ్లయినా రాయి రాయి విప్పి ఒడ్డుకి చేర్చారు. ఏరిన రాళ్లకి ఆ అదృష్టం ఉండదు.

తర్వాతి వారమంతా మంచు కురిసింది. తిన్నాను, పడుకున్నాను.

శనివారం మావాడు బ్రైటన్ కొండకి తీసుకెళ్లాడు. 1936 నాటి చోటు. మొదట నా వెనక చేరి హఠాత్తుగా తోశాడు. "ఏంట్రా ఇది!" అంటే, "కుడికాలు ముందు పడింది పెదనాన్నా, మీరు గూఫీ" అన్నాడు. బోర్డు మీద ఏ కాలు ముందుండాలో తేల్చే పద్ధతట అది. రెండు కాళ్లూ ఒకే పలకకి కట్టేశాక మనిషికి మిగిలేది నడుమూ దేవుడూ. పల్లం వైపు అంచు ఏమరుపాటున మంచులో దిగితే మనిషి తాడిచెట్టు పడ్డట్టు పడతాడు. చేతులు చాపి పడితే ముందు పోయేది మణికట్టు. అందుకని నాకు మణికట్టు కవచాలు తొడిగారు. మడమల అంచు మీద బరువు వేసి, పల్లానికి అడ్డంగా నిలబడి, ఎటు చూస్తే అటు జారడం మొదటి పాఠం. ఎడమకి కాస్త, కుడికి కాస్త, ఎండుటాకు రాలినట్టు దిగాలి. నా పక్కన ఆరేళ్ల పిల్ల ఏడుస్తూ దిగుతోంది. నేను నవ్వుతూ దిగుతున్నాను. ఎవరికి ఎక్కువ వచ్చిందో చెప్పలేను గానీ, ఒక్కసారి, గట్టిగా ముప్పై గజాలు, పడకుండా జారాను. అడుగున మంచు సర్రుమంటుంటే ఈ పిల్లలంతా వారమంతా కంప్యూటర్ల ముందు దేనికోసం కాచుకుంటారో అర్థమైంది.

ఈ పలకకి వయసు పెద్దగా లేదు. 1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ కూతుళ్ల ఆటకోసం రెండు స్కీలు జతచేసి కట్టాడు. 1970ల్లో దిమిత్రీ మిలోవిచ్ ఈ యూటా కొండల్లోనే వింటర్‌స్టిక్ పేరుతో బోర్డులు తయారుచేశాడు. 1998కి ఒలింపిక్స్‌లో చేరింది. అయినా శిఖరం అవతల ఆల్టా అనే చోట ఈనాటికీ స్నోబోర్డు మీద రానివ్వరు, స్కీలకే ప్రవేశం. పక్కవాటంగా నిలబడేవాడికి వీపు వైపు కనపడదు, గుద్దేస్తాడు అన్నది వాళ్ల వాదనల్లో ఒకటి. కొండలో ఎక్కువ భాగం ప్రభుత్వ అటవీ భూమి కదా అని 2014లో కొందరు కోర్టుకెళ్లారు. ఓడారు, 2016లో అప్పీలూ పోయింది. మావాడికి ఇదంటే ఒళ్లుమంట. నాకు వైట్‌ఫిష్ గుర్తొచ్చింది. ఈ ఊళ్లో నీళ్లలోనూ మంచులోనూ ఇదే వరస.

అన్నట్టు, ఆ రెండు చేపల సంగతి. ఏటి నుంచి వచ్చిన రోజు రాత్రే మా కోడలు పొలుసు దులిపి, ఉప్పూ కారం పసుపూ పట్టించి, ఒకదాన్ని వేపుడు, ఇంకోదాన్ని చింతపండు పులుసు చేసింది. వేపుడు బాగుంది: తెల్లటి కండ, తీపి రుచి, ముళ్లు సన్నవి. పులుసులో మాత్రం తేలిపోయింది. మెత్తటి చేప, మన పులుసు ఘాటుకి నిలవలేకపోయింది. కొర్రమీనుకి ఉన్న పట్టు దీనికెక్కడిది? "మావయ్యగారూ, ఈసారి నాలుగు తెండి, అన్నీ వేయించేస్తాను" అంది కోడలు.

స్నోబోర్డు నొప్పులు తగ్గాక, ఆ నాలుగింటి కోసం శనివారం ఏటికి వస్తానని గైడమ్మకి మెసేజ్ పెట్టాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది. శుక్రవారం రాత్రి కొత్త మంచు పడుతోందట, శనివారం నది మొహం చూసేది లేదు, తను కొండ మీద ఉంటుంది, కావాలంటే నన్నూ అక్కడికే రమ్మంది.

"మణికట్టు కవచాలు ఎక్కడ పెట్టావురా?" అని మావాణ్ణి అడిగాను.