ఆకు ఊరికే రాదు: విస్తరాకుల వ్యాపారానికి ముందు మేం వేసుకున్న లెక్క



పిఠాపురంలో గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న నలుగురం మేము. అందరివీ అడ్డతీగల వైపు ఊళ్లే. ఈ ఏడాది ఒక పని అనుకున్నాం. మా ఇళ్లలో అమ్మలు, పిన్నులు కుట్టే అడ్డాకు విస్తరాకులను ఈ ఊళ్లో మేమే అమ్మాలి. ఇంకా మొదలుపెట్టలేదు. ముందుగా ఏం తెలుసుకున్నామో, ఏం లెక్క వేశామో రాస్తున్నాం. ఇంటి దగ్గరే ఏదో ఒకటి చేద్దామనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, వాళ్లకి పనికొస్తుందని.

ముందు ఊరి సంగతి. పిఠాపురం పాదగయ క్షేత్రం. గయాసురుడి తల బీహార్‌లోని గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు ఇక్కడ ఉన్నాయని నమ్మకం. అందుకే పితృకార్యాలు చేయడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కుక్కుటేశ్వరస్వామి గుడి, పురుహూతికా అమ్మవారు, శ్రీపాద శ్రీవల్లభుల సంస్థానం ఉన్నాయి కాబట్టి జనం రాక ఏడాదంతా ఉంటుంది. కార్యం అంటే భోజనం, భోజనం అంటే ఆకు. పైగా 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు దేశమంతా నిషేధం. అంటే గిరాకీ ఇక్కడుంది, సరుకు మన కొండల్లో ఉంది. మధ్యలో ఏలేశ్వరం, కత్తిపూడి మీదుగా బస్సు ప్రయాణం, అంతే.

మరి ఇంత సులువైతే ఇన్నాళ్లూ కుట్టిన మన ఇళ్లు ఎందుకు బాగుపడలేదు?

బజారులో ఒక షాపాయనకి శాంపిల్ చూపించాం. ఆకు తిప్పి చూసి కుట్టు బాగుందన్నాడు. ధర మాత్రం రూపాయి అన్నాడు. తక్కువండీ అంటే, "మీకు ఆకు ఊరికే వస్తుంది కదా" అన్నాడు. ఈ మాట మనకి కొత్తది కాదు. సంతలో చింతపండుకీ ఇదే మాట, తేనెకీ ఇదే మాట, చీపుళ్లకీ ఇదే మాట. దళారుల చేతిలో మనవాళ్లు నష్టపోతున్నారనే 1956లో గిరిజన సహకార సంస్థని, అదే మన జీసీసీని పెట్టారు. అయినా ఆ మాట మాత్రం పోలేదు.

అందుకని గడియారం పెట్టుకుని లెక్క వేశాం. సెలవులకి ఊరెళ్లినప్పుడు పిన్ని పక్కన కూర్చుని చూశాం. చేయి తిరిగిన మనిషి గంటకి 30 విస్తరాకులు కుడుతుంది. ఎనిమిది గంటలకి 240. ఉపాధి హామీ పనికి 2025-26లో మన రాష్ట్రంలో రోజుకూలి 307 రూపాయలు. ఆ లెక్కన ఒక్కో విస్తరాకుకి 1 రూపాయి 28 పైసలు పడుతుంది. ఇది కుట్టు కూలి మాత్రమే. అడవికెళ్లి ఆకు కోసిన రోజు, ఎండబెట్టిన రోజు, వెదురు పుల్లలు చీల్చిన పూట, బస్సులో లగేజీ టికెట్టు, దారిలో విరిగిపోయినవి, అన్నీ కలిపితే మాకు 2 రూపాయల 40 పైసలు తేలింది.

దాన్ని రూపాయికి అమ్మితే చేతిలో డబ్బు పడుతుంది, లాభంలాగే కనపడుతుంది. నిజానికి ప్రతి ఆకుకీ మన అమ్మ రూపాయి నలభై పైసలు ఎదురిచ్చి పంపిస్తున్నట్టు. ఇంటి వ్యాపారంలో ఉన్న చిక్కే ఇది. పని ఇంట్లో జరుగుతుంది కాబట్టి కూలి ఎవరికీ కనపడదు, ఇంట్లోవాళ్లకి కూడా.

అందుకే మా మొదటి నియమం: నోట్‌బుక్‌లో మొదటి గడి కుట్టినవాళ్ల కూలి. సరుకు ఇల్లు దాటిన రోజే ఆ డబ్బు ఇచ్చేయాలి, అమ్ముడయ్యాక కాదు. దానికి నలుగురం తలా 1,500 వేసుకుంటున్నాం. 6,000 రూపాయలకి 2,500 విస్తరాకులు. అదే మొదటి విడత. అమ్ముడుపోకపోతే మా డబ్బు పోతుంది గానీ వాళ్ల కష్టం పోదు.

రెండోది, రూపాయి షాపుతో పోటీ పడం. కార్యాలు చేయించే పంతుళ్లు, వంటవాళ్లు, భోజనాలు పెట్టుకునే ఇళ్లు, వీళ్ల దగ్గరికే నేరుగా వెళ్తాం. 25 ఆకుల కట్ట 90 రూపాయలు. కొన్ని మిషన్ ప్లేట్ల కింద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. మనది రెండు వైపులా ఆకే. పితృకార్యం చేసేవాళ్లకి ఆ తేడా చెప్తే అర్థమవుతుంది.

మూడోది కాలం. వానలు తగ్గాక కోసి బాగా ఎండబెట్టిన ఆకే నిలవుంటుంది. ఇక్కడ ఉప్పాడ సముద్రం దగ్గరే, గాలిలో తేమ ఎక్కువ, నేల మీద పెడితే బూజు పడుతుంది. అందుకని గదిలో అటక ఖాళీ చేశాం. మొదటి విడత కార్తీకమాసం వనభోజనాలకి. మహాలయ పక్షాలు వానల్లోనే వస్తాయి కాబట్టి వాటికి వచ్చే ఎండాకాలంలోనే సరుకు సిద్ధం చేసుకోవాలి. ఆకు కోసేవాళ్లకి ఒకటే చెప్పాం: తీగ నరకొద్దు, లేతాకు ముట్టుకోవద్దు.

ఇక కాగితాల సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం సేకరించి అమ్ముకునే హక్కు మనకి ఇచ్చింది. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం రవాణా పర్మిట్ గ్రామసభ తరఫున కమిటీ ఇస్తుంది. అది రాయించుకుని బస్సెక్కితే దారిలో ఎవరైనా ఆపినా మాట్లాడొచ్చు. అడ్డాకునే ఒడియా వాళ్లు సియాలి అంటారు. సియాలి ఆకులతో చేసిన వస్తువుల మీద 2018 జులైలో జీఎస్టీ తీసేశారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితంగా అవుతుంది, మధ్యలో ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. రేపు చింతపండు, తేనె కూడా అమ్మాలంటే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కావాలి, దానికి ఏడాదికి 100 రూపాయలు.

లోన్ ఇప్పుడే వద్దనుకున్నాం. ఒక సీజన్ నడిచాక ప్రెస్ మిషన్ కావాలనిపిస్తే అప్పుడు. కానీ ఒక్కటి గమనించండి. పీఎంఈజీపీలో ఎస్టీలకి సొంత వాటా 5 శాతం. సబ్సిడీ పట్టణంలో అయితే 25 శాతం, పల్లెలో అయితే 35 శాతం. అంటే మిషన్ పిఠాపురం గదిలో పెట్టడం కన్నా ఊళ్లో పెడితేనే మేలు. పని చేసేవాళ్లూ అక్కడే ఉన్నారు. అమ్మకం ఇక్కడ, తయారీ అక్కడ.

మారేడుమిల్లి, రంపచోడవరం, పాడేరు, సీతంపేట వైపు వాళ్లు మీ ఇళ్లలో ఏం తయారవుతుందో, ఎంతకి అమ్ముతున్నారో కింద రాయండి. ధర రాసేటప్పుడు, అది చేయడానికి ఇంట్లో ఎవరికి ఎన్ని గంటలు పట్టిందో కూడా రాయండి.