సన్యాసుల బీరు... అడిగినంత ఇవ్వరు!

బెల్జియం పశ్చిమ కొసన, ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గర్లో వెస్ట్‌వ్లెటెరెన్ అనే పల్లె ఉంది. చుట్టూ పొలాలు, ఎత్తైన గుంజల మీదికి పాకిన హాప్స్ తీగలు. బీరుకు ఆ చేదు వచ్చేది హాప్స్ పూలతోనే. ఆ పచ్చదనం మధ్య సెయింట్ సిక్స్‌టస్ మఠం. దాని గేటు ముందు ఆగే కార్లను చూసి ప్రార్థనకు వచ్చారనుకుంటే పొరపాటే. వాళ్లొచ్చింది బీరు కోసం!

సన్యాసులేంటి, బీరేంటి అనిపిస్తుంది. యూరప్‌లో ఇది పాత సంగతే. ట్రాపిస్టు సన్యాసులు సెయింట్ బెనెడిక్ట్ నియమాలు పాటిస్తారు. తమ చేతుల కష్టంతోనే బతకాలన్నది వాటిలో ఒకటి. అందుకే కొన్ని మఠాలు ఛీజ్ చేస్తాయి, కొన్ని బీరు. 1831లో ఏర్పడ్డ ఈ మఠంలో ఆ దశాబ్దం చివరికే బీరు తయారీ మొదలైంది.

ఇక్కడ చేసేది మూడు రకాలే. వాటిలో 'ట్వెల్వ్' మహా ఘాటు. ఆల్కహాల్ 10.2 శాతం, అంటే మామూలు బీరుకు రెట్టింపు! దశాబ్దాల పాటు సీసాలకు లేబులే లేదు. మూత రంగు చూసి పోల్చుకోవడమే... ట్వెల్వ్‌కి పసుపు. సీసాలోనూ ఈస్ట్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి అడుగున మడ్డి చేరుతుంది. అది కదలకుండా, వెడల్పు మూతి గ్లాసులోకి నెమ్మదిగా వంపాలి. ఆ గ్లాసూ ఈ బీరుకు ప్రత్యేకం. ఒకదాని గ్లాసులో ఇంకోటి పోస్తే బెల్జియంలో మర్యాద కాదు! ఆ దేశపు బీరు సంస్కృతిని 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది కూడా.

2005లో రేట్‌బీర్ వెబ్‌సైట్ ట్వెల్వ్‌ని ప్రపంచంలోనే ఉత్తమ బీరు అంది. అంతే, జనం ఎగబడ్డారు. సరుకు అయిపోయింది. మరొకరైతే మర్నాడే కొత్త ఫ్యాక్టరీకి కొబ్బరికాయ కొట్టేవారు. సన్యాసులు మాత్రం ఉత్పత్తి పెంచలేదు. తాము సన్యాసులుగా బతకడానికే బీరు చేస్తున్నామన్నది వాళ్ల మాట. ముందుగా ఫోన్ చేసి, కారు నంబరు చెప్పి, ఇచ్చిన రోజున వచ్చి తీసుకెళ్లాల్సి వచ్చేది. కొన్నది మళ్లీ అమ్ముకోకూడదు. ఎప్పుడు చేసినా ఎంగేజ్ వచ్చే ఆ ఫోన్ స్థానంలో 2019లో ఆన్‌లైన్ బుకింగ్ వచ్చింది.

పట్టు సడలించింది మఠం భవనాల కోసమే. నిర్మాణ ఖర్చులకని 2011, 2012ల్లో బయట దుకాణాల్లోనూ అమ్మారు. ఆ ప్యాకెట్టు కూడా ఇటుకలు పేర్చినట్టే ఉండేది! 2018లో నెదర్లాండ్స్‌లోని ఓ సూపర్‌మార్కెట్ మఠానికి తెలియకుండా సరుకు సంపాదించి, సీసా దాదాపు పది యూరోలకు అమ్మింది. మఠంలో అది రెండు యూరోలైనా లేదు. సన్యాసులు నొచ్చుకున్నారు.

అయితే ఈ బీర్లకు అసలు కొరత కొనేవాళ్లది కాదు, సన్యాసులది. ట్రాపిస్టు ముద్ర పడాలంటే బీరు మఠం ప్రాంగణంలోనే తయారవ్వాలి, సన్యాసుల పర్యవేక్షణ ఉండాలి, లాభం వాళ్ల అవసరాలకూ దానధర్మాలకూ పోవాలి. బెల్జియంలోనే, డచ్ సరిహద్దులోని అకెల్ మఠం ఇరవై ఏళ్లకు పైగా ఈ లెక్కన బీరు చేసింది. చివరికి అక్కడ ఉండేందుకు సన్యాసులే మిగల్లేదు. 2021లో ముద్ర పోయింది. 2023లో మఠమే ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. అకెల్ పేరుతో బీరు ఆ తర్వాతా వస్తోంది... సీసా మీద ఆ ఆరుకోణాల గుర్తు లేకుండా.