రేగడి దారిలో మొరాయించిన కారు

నంద్యాల నుండి కోయిలకుంట్లకు వచ్చే దారిలో కన్ను ఆనినంత మేర నల్లరేగడే. వాన పడితే బంకలా పట్టుకుంటుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. సెనగ, పత్తి, జొన్న పండించే ఈ నేల రైతుకు తల్లి. బండి నడిపేవానికి మాత్రం పరీక్ష. ఈ ప్రాంతాన్ని తడిపే కుందూ నది దక్షిణంగా సాగి పెన్నలో కలుస్తుంది. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీ ప్రభుత్వం ఉరితీసింది ఈ కోయిలకుంట్లలోనే. కర్నూలు జిల్లాలో ఉండిన ఈ ఊరు 2022లో నంద్యాల జిల్లాలోకి వచ్చింది. 2016లో నంద్యాల-ఎర్రగుంట్ల మార్గం ప్రారంభమై రైలు కూడా వచ్చింది. అయితే పల్లె సంఘాలకు రైలు పోదు గదా! ఎస్.పి.జి. మిషను దొరలు ఈ నేలమీద గుర్రాలతో, ఎద్దుబండ్లతో తిరిగారు. మాకు ఒక పాత అంబాసిడర్ కారు ఉంది. వాటి తయారీ 2014లోనే ఆగిపోయింది గాని, ప్రభువు కృపవలన మాది ఇంకా తిరుగుతూనే ఉంది.

సెనగ విత్తే రోజుల్లో ఉయ్యాలవాడ వైపు ఒక పల్లెలో కూడిక ముగించుకొని, రాత్రికి కోయిలకుంట్లలో ఒక విశ్వాసి ఇంట బస చేశాము. ఆ పల్లెనుండి ఒక అవ్వను వెంట తెచ్చాము. మరునాడు ఉదయం తొమ్మిది గంటలకు నంద్యాలలో ఆమెకు కంటి ఆపరేషను. ఒక కన్ను ఎన్నడో పోయింది, ఇది రెండవది. కొడుకు పనికోసం వలస పోయాడు. మోకాళ్ల నొప్పులతో ఆమె బస్సు మెట్లు ఎక్కలేదు. ఈ దినం తప్పితే మళ్లీ తీసుకొనిపోయేవారెవరని రాత్రంతా కలవరించింది.

తెల్లవారుజామున తాళం తిప్పితే కారు 'టక్' మన్నది, అంతే. మళ్లీ తిప్పితే మళ్లీ 'టక్'.

చుట్టూ చేరినవారందరూ ఒకే మాట చెప్పారు, బ్యాటరీ పోయిందని. కొత్తదానికి అయిదారు వేలు కావాలి. సంఘ పెద్ద ఒకరు కోతపండుగ కానుకల సంచి తీయబోయారు. మరొకరు తోద్దామన్నారు గాని వాకిలి నిండా బురద.

ఇంతలో ఇంటివారు ఒక మెకానిక్కును లేపుకొని వచ్చారు. ఆయన ముస్లిం సహోదరుడు, ఊరంతా భాయ్ అంటారు. ఆయన పానా ముట్టుకోలేదు. ముందు ప్రశ్నలు అడిగాడు. "నిన్న రాత్రి లైట్లు మందగించినాయా అయ్యగారూ? యాడన్నా నీళ్లలో దిగినారా?" వాగు దాటామని చెప్పాము. లైట్లు వేసి తాళం తిప్పమన్నాడు. సెల్ఫు 'టక్' మన్నది, లైట్లు మాత్రం తగ్గలేదు. "బ్యాటరీలో బలం ఉండాది," అన్నాడు. మీటరు పెడితే 12.5 వోల్టులు చూపింది.

ఈ పరీక్ష వాహనం ఉన్న ప్రతి ఇంటివారూ తెలుసుకోదగినది. తాళం తిప్పగానే లైట్లు ఆరిపోయేంతగా మందగిస్తే బ్యాటరీలో శక్తి లేదు, లేదా దాని టెర్మినళ్ల దగ్గర తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటుంది. వేడినీళ్లలో తినేసోడా కలిపి కడిగి, గరుకు కాగితంతో రుద్దితే చాలాసార్లు బాగవుతుంది. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు అదే చివర. బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానీయకూడదు, బ్యాటరీనుండి వచ్చే వాయువు అంటుకొంటుంది. లైట్లు బాగా వెలుగుతూ ఒక్క 'టక్' మాత్రమే వస్తే కరెంటు సెల్ఫు మోటారుకు చేరడం లేదు, లేదా మోటారే చెడింది. సెల్ఫు చక్కగా తిరిగి ఇంజను మాత్రం అందుకోకపోతే పెట్రోలు, ప్లగ్గుల వైపు చూడాలి. పెట్రోలే లేకుండా బయలుదేరి, బుద్ధిలేని కన్యకలవలె దారిలో నిలిచినవారినీ మేము చూశాము.

భాయ్ ఒక లావు జంపరు వైరు తీసి, బ్యాటరీ నెగెటివ్‌నుండి నేరుగా ఇంజను దిమ్మెకు తగిలించి తాళం తిప్పమన్నాడు. సెల్ఫు గిర్రున తిరిగింది! "కరెంటు పొయ్యేదానికి దావ ఉండాది, మళ్లొచ్చేదానికే దావ ల్యాదు," అని నవ్వి కారు కిందికి దూరాడు. ఇంజనునుండి బాడీకి ఒక రాగి అల్లిక పట్టీ ఉంటుంది, ఎర్తు పట్టీ అంటారు. బ్యాటరీనుండి మోటారుకు వెళ్లిన కరెంటు దానిగుండానే తిరిగి రావాలి. లైట్ల ఎర్తు నేరుగా బాడీకే గనుక అవి వెలుగుతూనే ఉన్నాయి. పట్టీ చుట్టూ ఏళ్ల తరబడి రేగడి మట్టి గడ్డకట్టింది. ఈ మట్టి తేమను వదలదు. లోపల రాగి పచ్చబడి, రెండు మూడు పోగులమీద వేలాడుతున్నది. కొత్త బ్యాటరీ వేసినా అదే 'టక్' వినేవారము.

ఇండ్లలో తగవులు తీర్చడానికి వెళ్లినప్పుడు కూడా మేము ఇది చూస్తుంటాము. గడప దాటకముందే తప్పెవరిదో అందరూ చెప్పేస్తారు. చాలా ఇండ్లలో ఆ పేరు కోడలిదే. వెలుగుతున్న లైట్లను ఎవరూ చూడరు.

భాయ్ పాత పట్టీ తీసేసి, బోల్టు చోటు లోహం మెరిసేదాకా గీకి, లావు రాగి వైరు బిగించాడు. అరగంట పట్టింది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. వెనుక సీట్లో కూర్చున్న అవ్వ "స్తోత్రం" అని గట్టిగా కేక వేసింది. ఆమె సంగతి విని ఆయన వైరు ఖర్చు మాత్రమే తీసుకున్నాడు. కానుకల సంచి మళ్లీ బీరువాలోకి పోయింది. రేగడిలో తిరిగినప్పుడల్లా కారు కింద నీళ్లు కొట్టి కడగమనీ, ఏడాదికొకసారి ఆ పట్టీ విప్పి చూడమనీ మాకు చెప్పాడు.

ఏడు గంటలు దాటాక కోయిలకుంట్లలో బయలుదేరాము. దారిలో ఎక్కడా ఇంజను ఆపలేదు. తొమ్మిదికి కొంచెం ముందుగా అవ్వను ఆసుపత్రి మెట్ల దగ్గర దించాము.