మౌనంగా వచ్చే ఫ్యాక్సు

అమెరికాలో వైద్యవృత్తిలో ఉన్న మా అమ్మాయి, తన క్లినిక్‌లోని ఫ్యాక్సు యంత్రాన్ని తీసివేసి ఆన్‌లైన్ ఫ్యాక్సుకు మారదలచి నా సలహా కోరింది. అక్కడ ఆసుపత్రులు, మందుల దుకాణాలు, బీమా సంస్థలు నేటికీ రోగుల కాగితాలను ఫ్యాక్సులోనూ పంపుకొంటున్నాయి.

ఆ యంత్రం మా తరానికి చిరపరిచితమే. 1980లో గ్రూప్-3 ప్రమాణం ఏర్పడిన పిమ్మట ఒక పుట సుమారు నిమిషంలో చేరసాగింది. కాని ట్రేలో పడిన రోగి వివరాలు దారిన పోయేవారి కంటా పడేవి. ఆన్‌లైన్ పద్ధతిలో అవి పాస్‌వర్డు కలవారికే కనబడతాయి. అయితే పుట మధ్యనున్న సేవాసంస్థ ద్వారా వస్తుంది గనుక, 1996 నాటి హిపా చట్టపు నియమాలను అనుసరించి దానితో ముందుగా ఒప్పందం వ్రాయించుకోవాలి. నంబరు తప్పుగా నొక్కితే రహస్యం పరుల పాలవడం మాత్రం రెండింటా ఒకటే.

"అమ్మా, పాత నంబరు వదులుకోకు. అది కొత్త సేవకు బదిలీ అయ్యేవరకు యంత్రాన్ని కదల్చకు. వచ్చిన పుటలు చూసే పని ఒకరికి పేరుపెట్టి అప్పగించు" అన్నాను.

మూడవ మాటే ముఖ్యమైనది. యంత్రం చప్పుడు చేసి పిలిచేది. తెరపైని పుట మౌనంగా పడి ఉంటుంది. ఎవరూ తెరవని ఆ పుట వెనుక, రక్తపరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తున్న మనిషి ఉండవచ్చు.