బూడిద రంగు

దేవుడు చేసిన రంగులన్నిటిలో మనం ఎక్కువ చిన్నచూపు చూసినది ఈ రంగునేనేమో. ఎరుపు, నలుపు వంటి వాటికి సొంత పేర్లున్నాయి. దీనికి మాత్రం పొయ్యిలో మిగిలిన బూడిద పేరు తెచ్చి తగిలించాం. పండితులు ధూసరవర్ణమంటారు గాని ఆ మాట బజారులో చెల్లదు. పడిన శ్రమ వృథా అయితే బూడిదలో పోసిన పన్నీరంటాం. నీరసంగా ఉన్న మనిషిని చూసి ముఖాన బూడిద పూసినట్టుందంటాం.

కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో మాత్రం బూడిదను ఎవరూ ఊరికే పారబోసేవారు కాదు. అంట్లు తోమడానికి అదే. చిక్కుడు పాదుకు పేనుబంక పడితే ఆకుల మీద చల్లేది అదే. విత్తనానికి దాచిన కందులు, పెసలు పురుగు పట్టకుండా దానితోనే కలిపి కుండలో పోసేవారు. కొరమీను చేతిలో జారిపోతుంటే బూడిద పట్టించి రుద్ది కడిగే తల్లులు మన కోస్తా ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. గ్యాసు పొయ్యి వచ్చాక బూడిద చాలా ఇళ్లలో కనిపించకుండా పోయింది. దాని మీద నింద మాత్రం మన మాటల్లో మిగిలిపోయింది.

పరిశుద్ధ గ్రంథంలో బూడిద దుఃఖానికి గుర్తు. యోబు బూడిదలో కూర్చున్నాడు. నీనెవె రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు. 102వ కీర్తనలో బాధపడుతున్న భక్తుడు బూడిదనే ఆహారంగా తిన్నానని మొరపెడతాడు. అదే కీర్తనలో మూడు వచనాల ముందు అతడు తనను ఒక పక్షితో పోల్చుకున్నాడు. మన తెలుగు బైబిలులో దాని పేరు గూడబాతు. హెబ్రీలో ఉన్న మాట సరిగ్గా ఏ పక్షిని సూచిస్తుందో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. నీళ్లలో చేపలు పట్టే గూడబాతుకు అడవిలో ఏం పని అని వారి సందేహం. నాకైతే మన అనువాదకులు ఎంచుకున్న పేరే బాగుందనిపిస్తుంది. ఎందుకంటే గూడబాతును మనం చూడగలం, అదీ సరిగ్గా బూడిద రంగులోనే.

గుంటూరుకు దగ్గరలోనే ఉప్పలపాడు చెరువుంది. చెరువులోని తుమ్మచెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. ఒకసారి ఆదివారపు బడి పిల్లలను అక్కడికి తీసుకువెళ్లాం. వారిలో ఒకడు చాలాసేపు చూసి, "అయ్యగారూ, ఇవి ఇంత మురికిగా ఉన్నాయేంటండీ? స్నానం చేయవా?" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. రోజంతా నీళ్లలో ఉండే పక్షిని పట్టుకొని ఆ మాట! అది మురికి కాదు. ఈకల్లో బూడిద రంగుకంటూ వేరే పదార్థం లేదు. కాకి ఈకను నల్లగా చేసే పదార్థమే ఇక్కడ పలుచగా ఉంటుంది. ఎండుకొమ్మల నడుమ గూటిలో కూర్చున్నప్పుడు కొమ్మేదో పక్షేదో వెతుక్కోవలసి వచ్చింది. నీటి అంచున నిలబడిన నారాయణ పక్షి కూడా అంతే. కదిలేవరకు దాన్ని మోడు అనుకుంటాం. అడవి జీవులలో ఎన్నింటికో ఈ రంగు ఒక దాగుచోటు. నెమలికి ఇచ్చిన రంగులు గూడబాతుకు ఇవ్వకపోవడంలో సృష్టికర్త లోభమేమీ లేదు.

ఫోటోలు తీసేవారికి ఈ రంగు విలువ ఇంకా బాగా తెలుసు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు మనుషులు తెలియరు, వస్త్రాలు తెలియవు. ఎదుట ఉన్నది ఏదైనా సగటున నడిమి బూడిద రంగులో ఉంటుందనుకొని అది లెక్క కడుతుంది. మన సంఘాల్లో పెళ్లికుమార్తెకు తెల్లచీర, పెళ్లికుమారునికి నల్లకోటు కదా. మీటరు చెప్పినట్టే వింటే ఆ తెల్లచీరా బూడిద రంగుకు దిగుతుంది, నల్లకోటూ బూడిద రంగుకు తేలుతుంది. అందుకే పని తెలిసినవారు తెలుపుకు మీటరు చెప్పినదానికన్నా కాస్త ఎక్కువ వెలుతురిస్తారు, నలుపుకు కాస్త తగ్గిస్తారు. సరిగ్గా కొలుచుకోవడానికి, తన మీద పడిన వెలుతురులో 18 శాతాన్ని మాత్రమే తిప్పి పంపే బూడిద రంగు అట్టను వెంట ఉంచుకునేవారూ ఉన్నారు. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనేవారు 1940 ప్రాంతంలో కటిక నలుపు నుండి తెలుపు వరకు మెట్లుగా విడదీశారు. అందులో నడిమిది, అయిదవ మెట్టు, ఈ బూడిద రంగే. మొదటి మెట్టు మీదా చివరి మెట్టు మీదా ఫోటోలో ఏమీ కనబడదు, ఒకటి చీకటి, ఒకటి ఖాళీ కాగితం. ముఖం మీది ముడతలు, చేతి నరాలు, కంటి తడి, ఇవన్నీ మధ్య మెట్ల మీదనే ఉంటాయి.

పాత పత్రికలో అచ్చయిన నలుపు తెలుపు ఫోటో ఏదైనా ఉంటే భూతద్దం పెట్టి చూడండి. బూడిద రంగు సిరా ఎక్కడా ఉండదు. చిన్నవీ పెద్దవీ నల్లచుక్కలు, వాటి మధ్య కాగితం తెలుపు, అంతే. నెరుస్తున్న తల కూడా ఇటువంటిదే. కుదుళ్లలో రంగునిచ్చే కణాలు తగ్గిపోతున్నకొద్దీ ఒక్కొక్క వెంట్రుక తెల్లబడుతుంది. ఆ తెల్లవీ మిగిలిన నల్లవీ కలిసి దూరానికి బూడిద రంగులో కనిపిస్తాయి. సామెతల గ్రంథం 16వ అధ్యాయంలో జ్ఞాని ఆ తలను కిరీటంతో పోల్చాడు. మనం ఆ కిరీటానికి నెలనెలా రంగు వేయించుకుంటున్నాం! వేసుకునేవారిని నేను తప్పుపట్టను. అది ఎవరి ఇష్టం వారిది. అయితే చనిపోయినవారి తలకు కూడా రంగు వేస్తున్న సంగతి ఒక ఇంట చూశాను.

మా సంఘంలో ఒక రిటైరయిన పంతులుగారు ప్రభువునందు నిద్రించారు. జ్ఞాపకార్థ కూటానికి పిల్లలు పెద్ద ఫ్లెక్సీ వేయించారు. అందులో పంతులుగారి తల నల్లగా నిగనిగలాడుతోంది. ముఖం నున్నగా, తెల్లగా ఉంది. ఒక్క ముడత లేదు. ఆయన భార్యను నడిపించుకొని వచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆమె కళ్లజోడు సర్దుకొని కాసేపు చూసి, "ఈయనెవరండీ అయ్యగారూ?" అని నన్ను అడిగింది.

పెద్దకుమారుడు కంగారుపడ్డాడు. "నాన్నగారు బాగా కనపడాలని మేమే చెప్పి చేయించామండి" అన్నాడు. పాపం, ప్రేమతోనే చేశాడు.

ఆమె కొడుకును ఏమీ అనలేదు. "మా పాప పోయిన ఏడాది ఇక్కడ నెరిసింది ఆయనకి" అని తన చెవి పక్కన వేలితో చూపించింది. "నలభై ఏళ్లు నా చేత్తో నూనె రాసిన తల అండీ. ఆ వెంట్రుకలన్నీ ఏం చేశారు వీళ్లు?"

తరువాత చిన్నకోడలిని ఇంట్లోకి పంపి పెన్షను కాగితాల సంచి తెప్పించింది. దానిలో భార్యాభర్తలు కలిసి తీయించుకున్న నలుపు తెలుపు ఫోటో ఉంది, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. పంతులుగారి తల, గడ్డం, చొక్కా అన్నీ బూడిద రంగే. నుదుటి మీది మూడు గీతలూ లెక్కపెట్టవచ్చు. నేను సిద్ధపడి వచ్చిన వాక్యం పక్కన పెట్టి సామెతలు 16 తీశాను.

కూటం ముగిసేవరకు ఆ ఫోటో ఆమె ఒడిలోనే ఉంది. భోజనాల వేళ మనుమలు ఒక్కొక్కరే విస్తరి ముందు నుండి లేచి, చేయి కడుక్కొని వచ్చి, చూసి వెళ్లారు.